రోజూ ఇంగ్లిష్ రాసే సిస్టర్‌కి ఉత్తరం ఎందుకు కుదరలేదు: ఒక ఓఈటీ రైటింగ్ కేస్

నెల్లూరులో బయటి దేశాలకు వెళ్లాలనుకునే నర్సులకు ఇంగ్లిష్ రాయడం నేర్పుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చదివితే అర్థం చేసుకుంటారు, వింటే అర్థం చేసుకుంటారు, మాట్లాడమంటే ఎలాగో నెట్టుకొస్తారు, రాయమంటే మాత్రం అక్కడే ఆగిపోతారు. ఆగిపోయిన ప్రతి ఒక్కరూ చెప్పే కారణం కూడా ఒకటే, "నాకు గ్రామర్ రాదు సార్" అని. ఈ కేసులో అసలు అడ్డం గ్రామర్ కాదు. అది తెలుసుకోవడానికి ఎలాంటి ప్రశ్నలు అడగాల్సి వచ్చిందో, ఏ దశలో ఏది ఎందుకు ఎంచుకున్నామో వివరంగా రాస్తే ఇదే పని చేసేవాళ్లకి, సొంతంగా రాత మెరుగుపరుచుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఆమె సరేనన్నాకే ఇది రాశాను. ఊరు, ఆస్పత్రి, వయసు తీసేశాను, ఒకటి రెండు వివరాలు మార్చాను. వార్డులో అందరూ పిలిచినట్టే ఇక్కడా సిస్టర్ అనే అంటాను.

నేపథ్యం

సిస్టర్‌ది ప్రకాశం పడమటి వైపు ఒక మెట్ట పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి సర్జికల్ వార్డులో కొన్నేళ్లుగా పనిచేస్తోంది. పనిలో గట్టి మనిషి, కొత్తగా చేరిన పిల్లలకి డ్రెస్సింగ్ నేర్పేది కూడా ఈమే. ఇంగ్లండ్ వెళ్లాలన్నది కోరిక, దాని మీద అప్పటికే అప్పు కూడా అయింది.

ఓఈటీ అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ, ఆ పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడడం మూడింట్లోనూ బి గ్రేడు, అంటే 350 అడుగుతుంది. రాయడంలో మాత్రం సి ప్లస్, అంటే 300 చాలు. చూడడానికి సులువుగా ఉందనిపిస్తుంది కానీ మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. సిస్టర్‌కి మిగిలిన మూడూ వచ్చేశాయి. రాయడంలో ఒకటికి రెండుసార్లు సి దగ్గరే ఆగింది. పరీక్ష ఫీజు చిన్నదేమీ కాదు కాబట్టి ఇంకోసారి రాయాలంటే ఇంట్లో మాట పడాల్సి వస్తోందని చెప్పింది.

ఆ రైటింగ్ పేపర్ గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు చదవడానికే, పెన్ను పట్టకూడదు. ఒక పేషెంట్ గురించిన కేస్ నోట్స్ ఇస్తారు, దాన్నుంచి ఒక ఉత్తరం రాయాలి. నర్సులకైతే మామూలుగా డిశ్చార్జ్, ట్రాన్స్‌ఫర్, రిఫరల్ ఉత్తరాలు. ఉత్తరంలో అసలు భాగం సుమారు 180 నుంచి 200 మాటలు ఉండాలి. దిద్దేటప్పుడు ఆరు కోణాల్లో చూస్తారు: ఎందుకు రాస్తున్నారో స్పష్టంగా ఉందా, కావలసిన విషయం ఉందా, అనవసరం తీసేశారా, వృత్తికి తగ్గ తీరులో ఉందా, వరస బాగుందా, భాష సరిగ్గా ఉందా. మొదటిదానికి 3 మార్కులు, మిగతా అయిదింటికి తలా 7. గ్రామర్, స్పెల్లింగ్, మాటల ఎంపిక అన్నీ కలిపి ఆ ఆరింట్లో ఒక్కదాని కిందికే వస్తాయి. సిస్టర్ అప్పటిదాకా తన టైమంతా ఆ ఒక్కదాని మీదే పెట్టింది.

తెచ్చిన సమస్య

వచ్చిన రోజు పాత ప్రాక్టీస్ ఉత్తరాల కట్ట తెచ్చింది. పైది తీసి చదివాను. మూడు వందల మాటలకు పైనే ఉంది. నోట్స్‌లో ఏ తేదీ ముందుంటే అది ముందు, ఏది తర్వాత ఉంటే అది తర్వాత, మొత్తం దించేసింది. ఎప్పుడో జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ ఉంది, రోజువారీ బీపీ అంకెలు ఉన్నాయి. ఈ ఉత్తరం అందుకున్న మనిషి ఏం చేయాలన్నది మాత్రం చివరి వాక్యంలో, అది కూడా సగం. వాక్యాలు కూడా రెండు రకాలుగా ఉన్నాయి. కొన్ని "పేషెంట్ కాన్షియస్ అండ్ ఓరియెంటెడ్" లాగా క్రియ లేని ముక్కలు, కొన్ని అండ్ మీద అండ్ తగిలించుకుంటూ అయిదారు లైన్లు సాగినవి.

ఇక్కడే మొదటి నిర్ణయం తీసుకోవాలి. ఎర్ర పెన్ను పట్టుకుని తప్పులు దిద్దడం మొదలుపెట్టొచ్చు, దిద్దడానికి కావలసినన్ని ఉన్నాయి. కానీ ఆ అపెండిక్స్ ఆపరేషన్ గ్రామర్ తప్పు కాదు, సర్జికల్ వార్డులో ఇన్నేళ్లు చేసిన మనిషికి అది ఇక్కడ అక్కర్లేదని తెలియకుండా ఉండదు కూడా. తెలిసిన విషయం కాగితం మీదికి ఎందుకు రావడం లేదు? అది తేలాలంటే ఇంగ్లిష్‌ని కాసేపు పక్కన పెట్టాలి. కాగితం మూసేసి, "ఈ పేషెంట్ గురించి నాకు తెలుగులో చెప్పమ్మా" అన్నాను.

నిమిషంలో చెప్పేసింది. "కాలికి పుండు సార్, షుగరు ఉంది. ఆ డ్రెస్సింగ్ రోజూ మార్చాల. షుగరు అదుపులో పెట్టలేదంటే మళ్లా చీము పట్టిద్ది. ఇంట్లో ఒక్కడే ఉంటాడు, ఎవరో ఒకరు పోయి చూడాల." నాలుగు ముక్కలు. ఉత్తరానికి కావలసిన ప్రాణమంతా ఇందులోనే ఉంది, వరస కూడా సరైన వరసే. అపెండిక్స్ మాటే ఎత్తలేదు.

అంటే ఏది ముఖ్యమో ఆమెకి తెలుసు, పెన్ను పట్టుకోగానే అది జారిపోతోంది. ఎందుకో తెలుసుకోవడానికి వార్డులో రాసే రాత గురించి అడిగాను. అక్కడ ఆమె రోజూ ఇంగ్లిష్‌లోనే రాస్తుంది, ప్రతి షిఫ్టులోనూ నర్సెస్ నోట్స్ నింపుతుంది: వైటల్స్ స్టేబుల్, ఐవీ ఫ్లూయిడ్స్ ఆన్ ఫ్లో, డ్రెస్సింగ్ డన్. అవి టైము ప్రకారం ఒకదాని కింద ఒకటి రాసే ముక్కలు. చదివేది అదే వార్డులో, అదే పేషెంట్‌ని చూసిన ఇంకో సిస్టర్. కాబట్టి వాక్యాలు కలపాల్సిన పని లేదు, ఏది ముఖ్యమో ఏరాల్సిన పని అంతకన్నా లేదు, అన్నీ రాయడమే అక్కడ సరైన పద్ధతి. డిశ్చార్జ్ సమ్మరీ డాక్టర్లు చూసుకుంటారు. పేషెంట్‌ని ఎప్పుడూ చూడని మనిషికి, పేషెంట్ గురించి ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు కలిపి రాసే అవసరం ఆమెకి ఉద్యోగంలో ఒక్కసారి కూడా రాలేదు. పైగా కేస్ నోట్స్ చూడడానికి అచ్చం వార్డు నోట్స్ లాగానే ముక్కలు ముక్కలుగా ఉంటాయి, దాంతో చెయ్యి పాత అలవాటు ప్రకారం వాటిని అలాగే దించేస్తోంది.

అంతకుముందు ఏమేం చేశారు

మా దగ్గరికి రాకముందు ఆమె వెళ్లిన కోచింగ్‌లో ఒక టెంప్లేట్ బట్టీ పట్టించారు. మొదటి పేరా ఇలా, రెండో పేరా ఇలా, ఖాళీల్లో పేషెంట్ వివరాలు నింపడమే. డిశ్చార్జ్ ఉత్తరం వస్తే ఎలాగో సరిపోతుంది, రిఫరల్ వచ్చిందంటే టెంప్లేట్ ఒకటి చెప్తుంది, నోట్స్ ఇంకోటి అడుగుతాయి. ఆ బట్టీ వాక్యాల్లో ఒకటి ఆమె ప్రతి ఉత్తరంలోనూ మొదట ఉండేది: "ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్ టు ఇన్‌ఫార్మ్ యూ అబౌట్ ద కండిషన్ ఆఫ్ ద పేషెంట్." తప్పేమీ లేని వాక్యమే. అది చదివితే ఎందుకు రాశారో మాత్రం తెలియదు.

తర్వాత సొంతంగా గ్రామర్ పుస్తకం చేసింది. ఖాళీలు పూరించండి అంటే బాగానే పూరిస్తుంది. ఆపైన ఫోన్లో తప్పులు దిద్దే యాప్. రాసింది అందులో పెడితే శుభ్రమైన ఇంగ్లిష్ బయటికొస్తుంది, దాన్ని నోట్‌బుక్కులో ఎత్తి రాసుకునేది. యాప్‌లు అక్కర్లేదని నేననను, తర్వాత మేమూ వాడాం. కానీ ఈమె విషయంలో అది దిద్దుతున్నది వాక్యాన్ని మాత్రమే. ఉండకూడని వాక్యాన్ని కూడా చక్కగా దిద్ది పెడుతోంది. అపెండిక్స్ వాక్యం యాప్‌లోంచి బయటికొచ్చాక మంచి ఇంగ్లిష్‌లో ఉన్న అనవసరమైన వాక్యం అయింది, అంతే.

మేము మొదట్లో వాక్యాలు కలిపే అభ్యాసాలు పెట్టాం, రెండు చిన్న వాక్యాలిచ్చి ఒకటి చేయమనడం లాంటివి. క్రియ లేని ముక్కలు, అండ్ గొలుసులు తగ్గుతాయని మా ఆలోచన. అభ్యాసంలో తగ్గాయి, ఉత్తరంలోకి వచ్చేసరికి మళ్లీ అవే. దీనికి కారణం పరిశోధనల్లో ఉంది. 1981లో లిండా ఫ్లవర్, జాన్ హేస్ అని ఇద్దరు అమెరికన్లు, మనుషులు రాసేటప్పుడు బుర్రలో ఏం జరుగుతుందో గమనించి చెప్పారు: ఏం చెప్పాలో ఆలోచించడం, దాన్ని వాక్యాలుగా పెట్టడం, వెనక్కి చూసి దిద్దుకోవడం ఒకదాని తర్వాత ఒకటిగా జరగవు, మూడూ ఒకదాంట్లోకి ఒకటి దూరుతూ ఉంటాయి. సొంత భాషలో మాటలు వాటంతటవే వస్తాయి కాబట్టి ఆలోచనకి చోటు మిగులుతుంది. నేర్చుకున్న భాషలో మాట వెతుక్కోవడమే ధ్యాసనంతా తినేస్తుంది, ఏరడానికి, వరస పెట్టడానికి ఏమీ మిగలదు. అభ్యాసంలో ఏరే పని లేదు కాబట్టి ఆమె వాక్యాలు బాగున్నాయి. ఉత్తరంలో రెండు పనులూ ఒకేసారి మీద పడగానే వెనక్కి పోయింది. అందుకని వాక్యాల అభ్యాసాలు ఆపేసి, రెండు పనుల్నీ విడదీయాలనుకున్నాం.

ఏది పనిచేసింది

మొదట తెలుగులో హ్యాండోవర్. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కి పేషెంట్‌ని అప్పగిస్తూ చెప్పడం ఆమెకి రోజూ ఉండే పనే, దాన్నే వాడుకున్నాం. నోట్స్ చదివి, మూసేసి, నాకు నోటితో అప్పగించాలి. నా పని వినడం, మధ్యలో "ఇది నాకెందుకు?" అని అడగడం.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. ఓఈటీలో ఉత్తరం అందుకునేది చాలాసార్లు అక్కడి కమ్యూనిటీ నర్సు, ఇళ్లకు వెళ్లి డ్రెస్సింగులు చేసే మనిషి. మనవైపు ఆపరేషన్ అయినవాళ్లు డ్రెస్సింగ్‌కి ఆటో ఎక్కి ఓపీకి రావాల్సిందే. ఇంటికొచ్చే ఆ నర్సు ఎవరో, ఆమెకి ఏం తెలిసి ఉంటుందో, ఏం చెప్పాలో సిస్టర్‌కి ఊహకి రావడం లేదు. అప్పుడు నోట్స్ మార్చి నేనే ఒకటి తయారు చేశాను: ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండే మనిషి, షుగర్, ఉప్పునీళ్లలో తిరిగి తిరిగి కాలి పుండు ముదిరింది, శుభ్రం చేసి పంపిస్తున్నారు. "ఈ మనిషి మీ ఊరికి వచ్చేస్తా ఉన్నాడు. మీ సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం అక్కకి ఏం చెప్పి పంపిస్తావ్?" అన్నాను. అక్క ముఖం ఎరిగినదే కాబట్టి సిస్టర్‌కి మాట వెంటనే వచ్చింది. "అక్కా, రోజు విడిచి రోజు కట్టు విప్పి చూడాల, నల్లగా మారిందంటే వెంటనే పంపించు, షుగరు మాత్ర మానేస్తాడు గట్టిగా చెప్పు." ఆ అక్కకి ఆస్పత్రిలో మూడో రోజు బీపీ ఎంతో చెప్పాలనే ఆలోచనే రాలేదు.

నోటితో చెప్పాక మళ్లీ నోట్స్ తెరిచి గుర్తులు పెట్టాలి. చదివే మనిషి దీని వల్ల ఏదైనా చేయాలంటే టిక్కు, తెలిసి ఉంటే మంచిదంటే చుక్క, లేదంటే అడ్డగీత. మొదట్లో అడ్డగీత పెట్టడానికి చెయ్యి ఆడేది కాదు, ఏదైనా వదిలేస్తే మార్కులు పోతాయనే టెన్షన్. అనవసరమైనది రాస్తే కూడా పోతాయని మార్కుల పట్టిక చూపించి, గీతలు సగానికి దగ్గరగా ఉంటే గానీ రాయడం మొదలుపెట్టొద్దని పట్టుబట్టాను. ఇది రాత పాఠంలా కనిపించదు, కానీ ఆమె ఉత్తరం మూడు వందల మాటల నుంచి రెండు వందలకి దిగింది ఈ పనితోనే, గ్రామర్ ఏమీ ముట్టుకోకుండానే.

ఇంగ్లిష్ నేర్చుకోవాలంటే ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి కదా, తెలుగుని ఎందుకు రానిచ్చారని తోటి టీచర్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటూ పోతే వాక్యం తెలుగు నడకలోనే వస్తుంది. మనకి క్రియ చివర్న, ఇంగ్లిష్‌కి కర్త పక్కనే. "నిన్న డాక్టరు మార్చిన మందు" అని మనం మందు ముందే మొత్తం చెప్పేస్తాం, ఇంగ్లిష్‌లో మందు ముందొచ్చి దాని సంగతి వెనక రావాలి. అందుకే హద్దు గట్టిగా గీశాం. తెలుగు నోటితో చెప్పేదాకా, గుర్తులు పెట్టేదాకా. పెన్ను పట్టాక తెలుగు వాక్యం ఎక్కడా రాయకూడదు, చిత్తు కాగితం మీద కూడా. తెలుగు ఏరడానికే.

మరి ఇంగ్లిష్ వాక్యాలు ఎక్కడి నుంచి రావాలి? మంచి ఉత్తరాల నుంచి. మార్కులు బాగా పడేలాంటి నమూనా ఉత్తరం ఒకటి ఇచ్చి చదివించి, దాచేసి, దాని కేస్ నోట్స్ మాత్రం ముందు పెట్టి మళ్లీ కట్టమనేవాణ్ణి. కట్టాక రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు తనే చూసుకోవాలి. టెంప్లేట్ బట్టీకీ దీనికీ తేడా ఏందని ఆమే అడిగింది. బట్టీలో వాక్యం ముందు, విషయం తర్వాత. ఇందులో విషయం చేతిలో ఉంది, దానికి వాక్యం కోసం వెతుకుతోంది. అలా వెతికి దొరక్క, నమూనా తెరిచి చూసుకున్న వాక్యాలు ఆమెకి బాగా నిలిచాయి. చాలారోజుల తర్వాత కాలి పుండు ఉత్తరం మొదటి వాక్యం ఇలా రాసింది: "మిస్టర్ రావు ఈజ్ బీయింగ్ డిశ్చార్జ్డ్ టుడే ఆఫ్టర్ ట్రీట్‌మెంట్ ఫర్ యాన్ ఇన్‌ఫెక్టెడ్ ఫుట్ అల్సర్ అండ్ నౌ రిక్వయర్స్ రెగ్యులర్ డ్రెస్సింగ్స్ అండ్ మానిటరింగ్ ఆఫ్ హిజ్ బ్లడ్ షుగర్." ఎవరు, ఎందుకు, నువ్వేం చేయాలి, మూడూ ఒక్క వాక్యంలో. పాత వాక్యం పక్కన ఇది పెట్టి చూస్తే ఇద్దరు వేరే మనుషులు రాసినట్టుంది.

కొత్త కొత్త ఉత్తరాలు రాయించడం కూడా తగ్గించాం. కోచింగ్‌లలో రోజుకొక కొత్త కేస్ రాయించడం మామూలు, అది రాసినట్టు తృప్తినిస్తుంది, కానీ నిన్నటి తప్పు ఇవాళ్టి కొత్త కేస్‌లో మళ్లీ దూరుతుంది. మేము ఒకే ఉత్తరాన్ని తిరగరాయించాం. రెండోసారి రాసేటప్పుడు విషయం ఏరడం అయిపోయి ఉంటుంది కాబట్టి ధ్యాస వాక్యం మీదికి వస్తుంది. మొదట వాక్యాలు కలిపే అభ్యాసాలతో సాధించాలనుకున్న పని, సొంత ఉత్తరం మీద, ఇక్కడ జరిగింది.

గ్రామర్ అప్పుడు పట్టుకున్నాం. తప్పులు దిద్దడం మీద కూడా పాత వాదన ఉంది. 1996లో జాన్ ట్రస్కాట్ అనే ఆయన గ్రామర్ తప్పులు దిద్దడం వల్ల ఉపయోగం లేదు, మానేయమన్నాడు. 1999లో డానా ఫెరిస్ అంత మాట తొందరపాటని, దిద్దే పద్ధతిని బట్టి ఉంటుందని జవాబిచ్చింది. నా అనుభవంలో అన్నీ దిద్దితే ఏదీ నిలవదు. కాబట్టి సిస్టర్ ఉత్తరాల్లో పదే పదే వచ్చేవి, అర్థం తారుమారు చేసేవి రెండే తీసుకున్నాం, మిగతావి కనపడినా వదిలేశాం.

మొదటిది కాలం. నోట్స్‌లో క్రియలు ఉండవు కాబట్టి ఎప్పుడు జరిగిందో ఉత్తరం రాసేవాళ్లే క్రియలో పెట్టాలి. సిస్టర్ అన్నిటికీ ఈజ్ పెట్టేసేది, పేషెంట్ ఈజ్ అడ్మిటెడ్, పేషెంట్ ఈజ్ హ్యావింగ్ పెయిన్. చదివినవాళ్లకి నొప్పి ఇప్పుడుందో, తగ్గిపోయిందో తెలియదు. నర్సు ఉత్తరంలో అది చిన్న తప్పు కాదు. దీనికి వాడింది చాలా మోటు పద్ధతి: అంచున గీత గీసి, తేదీ ఉన్న ప్రతిదానికీ జరిగిపోయిన క్రియ, అప్పట్నుంచి ఇప్పటిదాకా అనేదానికి హ్యాజ్ బీన్, ఇవాళ్టి స్థితికి ఈజ్. నొప్పికి హ్యావింగ్ వద్దు, హ్యాజ్ చాలు. మినహాయింపులు చెప్పలేదు. తేదీలు చూడడం నర్సుకి అలవాటే కాబట్టి ఇది తొందరగా పట్టుబడింది.

రెండోది వాక్యం ఎక్కడ ముగించాలన్నది. రాసింది గట్టిగా చదవాలి, ఊపిరి అందకపోతే అక్కడ ఫుల్‌స్టాప్. ఒక్కో వాక్యంలో ఎవరు ఏం చేశారో వేలు పెట్టి చూపించాలి, చూపించలేకపోతే అది వాక్యం కాదు, ముక్క. ఉత్తరం చివరి వాక్యం నుంచి మొదటికి వెనక్కి చదివించేవాణ్ణి. ముందు నుంచి చదివితే విషయంలో పడి తప్పు కనపడదు. యాప్‌ని ఈ దశలో వాడాం, కానీ తను వెతికాక. తను పట్టుకోలేని ఏ తప్పుని యాప్ పట్టుకుందో అదొక్కటే నోట్‌బుక్కులో రాసుకోవాలి.

గడియారం అన్నిటికంటే చివర్న. టైము పెట్టుకుని రాయకపోతే పరీక్షలో ఎలా అని ఆమె ఆదుర్దా పడేది. తొందరలో మనిషి పాత అలవాటుకే పోతాడు, కొత్త అలవాటు ఇంకా గట్టిపడని వేళ గడియారం పెడితే మళ్లీ ముక్కలే రాస్తుంది. ఉత్తరం టైము లేకుండా నిలకడగా బాగా వస్తున్నాకే 40 నిమిషాలు పెట్టాం. నోటి హ్యాండోవర్ మనసులోకి మారింది, మొదటి 5 నిమిషాల్లో పెన్ను పట్టకూడదు కాబట్టి ఆ టైము అచ్చంగా దానికే సరిపోయింది. గుర్తులు పెట్టడానికి 5 నిమిషాలు, రాయడానికి 25, వెనక నుంచి చదవడానికి 10.

ఆ తర్వాత రాసిన పరీక్షలో రాయడంలో సి ప్లస్ వచ్చింది. బి రాలేదు. ఆర్టికల్స్, అదే ఎ, యాన్, ద, ఇప్పటికీ సరిగా పడవు. తెలుగులో వాటికి సాటి లేదు కాబట్టి అవి కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. అవి తప్పినా చదివేవాళ్లకి విషయం తెలిసిపోతుంది, అందుకే వాటిని ముట్టుకోకుండా వదిలేశాం.

దీన్నుంచి తీసుకోదగ్గవి

రాత కుదరడం లేదని ఎవరైనా వస్తే, ఇప్పుడు రాసింది చూసే ముందే అదే విషయాన్ని సొంత భాషలో నోటితో చెప్పించి వింటున్నాను. చెప్పింది బాగుండి రాసింది బాగలేదంటే ఒక వైద్యం, చెప్పింది కూడా గజిబిజిగా ఉంటే ఇంకో వైద్యం. ఈ రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి, అందుకే అందరికీ ఒకే గ్రామర్ పుస్తకం అంటగడతారు.

వాళ్లు మామూలుగా రోజూ రాసే రాత ఏందో అడగడం కూడా ముఖ్యమే. అసలు రాయని మనిషి కంటే, ఏళ్ల తరబడి ఒకే రకం రాత రాసిన మనిషికి పాత అలవాటు మాన్పించడం కష్టం, అలవాటు ఫలానా అని తెలిస్తే దాన్ని పేరు పెట్టి పట్టుకోవచ్చు. సొంతంగా నేర్చుకునేవాళ్లు కూడా ఇది చేసుకోవచ్చు: ఉత్తరమో, మెయిలో రాసే ముందు, ఆ విషయం బొత్తిగా తెలియని ఎరిగిన మనిషి ఒకరిని ఎదురుగా ఊహించుకుని, వాళ్లకి నోటితో చెప్పి చూడడం.

ఈ వరసని అందరికీ ఇలాగే పెట్టలేం. సిస్టర్‌కి విషయం చేతిలో ఉంది, ఏళ్ల వార్డు పని ఉంది. అందుకే తెలుగులో చెప్పమనగానే ముఖ్యమైనవి పైకి వచ్చాయి. ఈమధ్య కోర్సు అయిపోగానే నేరుగా వచ్చిన ఒక అమ్మాయిని అలాగే చెప్పమంటే, తెలుగులో కూడా నోట్స్ మొదటి లైను నుంచి చివరి లైను దాకా అప్పజెప్పింది. ఆమెకి ఉత్తరాలు ఇంకా మొదలుపెట్టలేదు. ప్రస్తుతానికి రోజూ ఒక కేస్ షీటు ఇచ్చి, ఇంటికి పోయాక ఈ మనిషికి ఏం జరిగే ప్రమాదం ఉంది అన్న ఒక్క ప్రశ్న మీదే కూర్చోబెడుతున్నాను.